జుమ్రా నిలబడ్డ చోటు

జుమ్రా గుండెకు ఏ రోగమూ లేదని ఊరంతటికీ తెలిసిపోయింది. వచ్చిన చిక్కల్లా అదే. నిజంగా గుండెజబ్బే అయి ఉంటే ఇరుగుపొరుగు పిటా కాల్చి పళ్లెంలో పెట్టి తెచ్చేవారు, మరిది కట్టెలు కొట్టి ఇచ్చేవాడు, గుమ్మం ముందు పిల్లల్ని అరవొద్దని కసిరేవారు. అంబులెన్సు వచ్చి తీసుకుపోయి, ఛాతీకి తీగలు అంటించి చూసి, "కంచరగాడిద గుండె తల్లీ నీది, ఇంటికి పో" అని పంపేశాక ఇక ఆమె మీద జాలిపడటానికి ఎవరికీ వంక దొరకలేదు. వంక దొరకని జాలి మా మహల్లాలో ఎగతాళి అయి కూర్చుంటుంది.

మొదటిసారి అది వచ్చింది శనివారం సంతలో. లాష్వా నదికి ఇటువైపు మహల్లా, అటువైపు సంత, నడుమ రాతి వంతెన. సంతలో మసీదు గోడ పక్కన, రాతి కుళాయి దగ్గర జుమ్రా బల్ల ఉండేది. అంతకుముందు అది ఆమె అత్తది, ఆ అత్త అత్తది. జుమ్రా అమ్మేది యుఫ్కా. చేత్తో సాగదీసి సాగదీసి పూతరేకంత పలచన చేసిన పిండి పొర. ఇంటికి తీసుకుపోయి అందులో జున్నో బంగాళాదుంపో పెట్టి చుట్టి పిటా కాల్చుకుంటారు. యుఫ్కాకు ఎండ పడదు. ఎండ తగిలిందంటే ఎండుటాకులా ముడుచుకుని చిట్లిపోతుంది. మధ్యాహ్నం దాకా గోడ నీడ పడే చోటు సంత మొత్తానికి అదొక్కటే. అందుకే ఆ చోటంటే అందరికీ కన్ను.

ఆ రోజు ఒకావిడకు పొరలు మడిచి ఇస్తోంది. ఉన్నట్టుండి గొంతు బిగుసుకుంది. వేళ్లు తిమ్మిరెక్కాయి. సంత రొద అంతా నీళ్ల అడుగునుంచి వస్తున్నట్టు వినపడింది. గుండె పక్కటెముకల్ని లోపల్నుంచి గుద్దుతోంది. చావంటే ఇదే కాబోలు అనుకుంది. యాభై రెండేళ్ల ఆడది, ఇద్దరు పిల్లల్ని యుద్ధంలో నేలమాళిగలో పెంచిన మనిషి, చేతిలో పొరలు బల్ల మీద పారేసి, నడుముకు ఏప్రన్ అలాగే ఉండగా వంతెన మీద పరుగెత్తింది. చూసినవాళ్లు ఇల్లు అంటుకుందనుకున్నారు.

ఆమె వదిలేసిన బల్ల దగ్గరికి తోడికోడలు షెఫీకా వచ్చింది. మిగిలిన పొరలు అమ్మిపెట్టింది. మంచిపనే. మళ్లీ శనివారం తన పొరలు తెచ్చుకుని అమ్ముకుంది. అదీ మంచిపనే అనుకుందాం. ఆ తర్వాత తడిచేతికి పిండి అంటుకున్నట్టు ఆ చోటికి అంటుకుపోయింది. షెఫీకా యుఫ్కా సంగతి చెప్పాలంటే, దాన్ని కప్పుకుని చలికాలం గడిపేయొచ్చు.

జుమ్రా మాత్రం వంతెన దాటడం మానేసింది. దగ్గరికి వెళ్తేనే గొంతు బిగుసుకునేది. కొన్నాళ్లకు వంతెన దాకా వెళ్లడం కూడా మానేసింది. మంచు పడే వేళకు ఇంటి గేటే వంతెన అయి కూర్చుంది. మెడ మీద రెండు వేళ్లు ఆనించి నాడి చూసుకోవడం, తలుపు దగ్గరే కూర్చోవడం, మొగుడు నజీఫ్ రొట్టెకు వెళ్తానంటే "ఇంకాసేపు ఆగు" అనడం. నజీఫ్ రైలు పెట్టెలు బాగుచేసి రిటైరైన మనిషి, మాటలు తక్కువ. ఆగేవాడు. ఆ ఇంట్లో చాలా రోజులు చద్దిరొట్టెతోనే గడిచాయి.

ఇదంతా అలాగే సాగిపోయేది. కాని మే మొదట్లో జూర్జెవ్ పండగ, దాని తర్వాత వచ్చే మొదటి శనివారం అని ఒకటుంది. ఆ రోజు సంత పెద్ద ఎక్రెమ్ సుద్దముక్క పట్టుకుని తిరుగుతాడు. ఒక్కో చోట నిలబడ్డ మనిషిని "ఈ చోటు ఎవరిది?" అని అడుగుతాడు. నిలబడ్డ మనిషి నోటితో "నాది" అనాలి. వెనక రాతి మీద పేరు రాస్తాడు. ఏడాది పొడవునా అది ఆ మనిషిది. నిన్నటిదాకా ఎవరు నిలబడ్డారన్నది ఎక్రెమ్‌కు పట్టదు. మొగుణ్ణి పంపితే చెల్లదు, చీటీ పంపితే చెల్లదు. ఒకసారి తేనె అమ్మే ముసలాయన కాలు విరిగితే కొడుకులు మంచంతో సహా మోసుకొచ్చి ఆయన చోట దించారు. మంచం మీదినుంచే "నాది" అన్నాడు, ఎక్రెమ్ రాశాడు.

అంటే వసంతంలో ఆ రోజున జుమ్రా తన కాళ్ల మీద తన చోట నిలబడి ఆ ఒక్క మాట అనాలి. లేకపోతే రాతి మీద షెఫీకా పేరు.

నజీఫ్ ముందుగా ఉమీహానా అవ్వను పిలుచుకొచ్చాడు. అవ్వ సీసం పోసి భయం తీస్తుంది. ఆ చుట్టుపక్కల భయపడ్డ పిల్లల్ని, పీడకలలు వచ్చే కొత్తకోడళ్లను ఆమె దగ్గరికే తెస్తారు. జుమ్రా తలమీద దుప్పటి కప్పి, పైన నీళ్ల గిన్నె పట్టించి, గరిటెలో కరిగిన సీసాన్ని అందులో పోసింది. సుయ్యిమంది. గడ్డకట్టిన సీసాన్ని వెలుగులో పెట్టి తిప్పి చూసింది.

"ముళ్లపందిలా ఉంది" అంది అవ్వ. "ఇంతదాన్ని కడుపులో పెట్టుకుని ఎట్లా తిరిగావే?"

జుమ్రాకు ఆ పూట నిజంగానే తేలిగ్గా అనిపించింది. ఒక చెయ్యి తలమీద ఉంటే ఎవరికైనా తేలిగ్గానే ఉంటుంది. రెండోనాటికి భయం మళ్లీ వచ్చింది. మళ్లీ సీసం పోశారు. ఈసారి ముళ్లు తగ్గాయి, భయం తగ్గలేదు. అవ్వ గరిటె కడిగి కొంగుకు తుడుచుకుంది.

"చూడమ్మాయ్. సీసంతో వచ్చేది తీశాను. మిగిలింది నా గరిటెకు లొంగేది కాదు. కొండమీది ఆస్పత్రిలో యాద్రాంకా అని డాక్టరు కూర్చుంటోంది, ఇట్లాంటివే చూస్తుందట. వెళ్లు."

"పిచ్చివాళ్ల డాక్టరా?" అంది జుమ్రా.

"నేను సీసం పోస్తాను. అయినా షుగరు మాత్ర ఒక్కపూట మానను. అది పోసుకోను కదా, మింగుతాను. నీకేం పెద్ద పౌరుషం?"

పౌరుషం నిజంగానే ఉంది జుమ్రాకు. కాని చోటు పోతుందన్న బాధ దానికన్నా పెద్దది. నజీఫ్ చెయ్యి పట్టుకుని, గోడలు తడుముకుంటూ కొండెక్కింది. దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగింది. నజీఫ్ ఆమెతోపాటు వెనక్కి నాలుగడుగులు నడిచి, మళ్లీ ఆమె తిరిగితే తనూ తిరిగాడు.

డాక్టర్ యాద్రాంకా సగం నెరిసిన జుట్టుతో, తొందర లేని మనిషి. జుమ్రా చెప్పినంతసేపూ విన్నది. ఇది పిచ్చి కాదంది, గుండె కాదంది, నటన అంతకన్నా కాదంది. ఒంట్లో కుక్క ఒకటి దొంగ రాకుండానే మొరగడం నేర్చుకుందని, దాన్ని కొట్టి చంపలేమని, నెమ్మదిగా మాన్పించొచ్చని చెప్పింది. రోజూ పొద్దున వేసుకోవడానికి మాత్ర రాసింది.

"మొదట్లో కొన్ని వారాలు ఇది ఏమీ చేయనట్టే ఉంటుంది. కాస్త వికారం, వణుకు కూడా రావచ్చు. మానేయకండి. మానాలనిపిస్తే ఇక్కడికి వచ్చి నాతో చెప్పి, ఇద్దరం కలిసి మానేద్దాం. సరేనా?"

"సరే."

"కాఫీ ఎంత తాగుతారు?"

"ఒకటి. పొద్దున్నే."

పక్కన నజీఫ్ కూడా తలూపాడు. అబద్ధం ఇద్దరిలో ఎవరికీ అలవాటు లేదు.

మాత్ర మొదలైంది. వికారం వచ్చింది, పోయింది. నిద్ర కొంచెం కుదురుకుంది. ఏడుపు తగ్గింది. కాని వణుకు పోలేదు. పిండి కలిపి, నూనె రాసి, గుడ్డ పరిచిన బల్ల మీద ముంజేతులతో సాగదీయబోతే వేళ్లు ఆగవు. పొర మధ్యలో ఫట్టున చిరుగుతుంది. ముప్పై ఏళ్లుగా చూడకుండా చేసిన పని. చిరిగిన పొరలు ఆవుకు పెట్టారు. ఆవు మాత్రం సంతోషించింది.

షెఫీకా వస్తుండేది. రోజూ వచ్చేది, చూసిపోవడానికి. బల్ల మీద చిరిగిన పిండి చూసి నాలుక చప్పరించేది.

"పోన్లే అక్కా, ఎందుకింత ప్రయాస. నీ చోటు నేను చూసుకుంటున్నాగా. మాత్రలు మింగే చేతి పిండి అంటే జనం కూడా ఏమనుకుంటారో. నేను అననులే, జనం."

"ఏ జనం?"

"జనమంటే జనమే."

"ఆ జనాన్ని నా దగ్గరికి పంపు. నీ యుఫ్కా నమలలేక పళ్లూడినవాళ్లు ఎంతమంది ఉన్నారో నేనే అడుగుతా."

అంత మాట అన్నా, షెఫీకా వెళ్లాక జుమ్రా బల్లకు రెండు చేతులూ ఆనించి కూర్చునేది. మాత్ర మింగినా ఇంతేనా అని. కొన్ని పొద్దుల్లో మాత్ర డబ్బాను కిటికీ బయటికి విసిరేయాలనిపించేది. విసిరేయలేదు. సంచిలో వేసుకుని నజీఫ్‌తో కొండెక్కింది.

"మాత్ర పెంచాలేమో" అంది డాక్టరు. రాయబోయి ఆగింది. "ఒక పని చేయండి. నిన్నటి రోజు మొత్తం చెప్పండి. లేచిందగ్గర్నుంచి."

జుమ్రా చెప్పింది. "లేచాను. కాఫీ పెట్టుకుని తాగాను, అది నాది. నజీఫ్ లేచాడు, అతనితో కూర్చున్నాను. పాలావిడ వచ్చింది, ఆమెతో కాసేపు. తర్వాత షెఫీకా. షెఫీకా వెళ్లేలోపు ఉమీహానా అవ్వ వచ్చింది, మళ్లీ పెట్టాను. మధ్యాహ్నం ఎదురింటావిడ నా ఒంట్లో ఎట్లా ఉందో చూద్దామని వచ్చి చెయ్యి పట్టుకుని వాళ్లింటికి తీసుకెళ్లింది. అక్కణ్ణుంచి వస్తుంటే వాళ్ల పక్కింటావిడ, ఆమె ఇంటికి వెళ్లి ఈమె ఇంటికి రాలేదంటే ఏం బావుంటుంది…"

డాక్టరు కలం కింద పెట్టేసింది.

"కూర్చున్నానంటే, కాఫీతో కూర్చున్నారా?"

"మరి ఉత్త చేతులతో కూర్చుంటారా ఎవరైనా?"

"ఒకటే తాగుతానన్నారు కదా."

"ఒకటే తాగుతాను. తక్కినవి తాగడం కాదు కదా డాక్టరమ్మా. అవి కూర్చోవడం."

నజీఫ్ మళ్లీ తలూపాడు. డాక్టరు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, నవ్వు ఆపుకోలేక మొహం పక్కకు తిప్పుకుంది. తర్వాత తనే తల పట్టుకుంది.

"తప్పు నాది. నేనూ ఈ ఊరి పిల్లనే, అడగడం తెలియొద్దూ? మా అమ్మను అడిగినా ఒకటే అంటుంది. జుమ్రా గారూ, పొయ్యి మీద నేను నీళ్లు చల్లుతుంటే మీ మహల్లా అంతా కలిసి కింద కట్టెలు పెడుతోంది. పొద్దున ఆ ఒక్కటీ ఉంచుకోండి. తక్కినవి నెమ్మదిగా తగ్గించి మానేయండి."

మానేయమని చెప్పడం కొండమీద కూర్చుని ఎవరైనా చెప్తారు. మహల్లాలో కాఫీ వద్దనడమంటే ఎదుటిమనిషి గుమ్మం మీద ఉమ్మినట్టే. జుమ్రా దారి పొడవునా ఆలోచించింది. ఇంటికి రాగానే బార్లీ గింజలు పెనం మీద నల్లగా వేయించి దంచింది. రాగిగిన్నెలు రెండు పెట్టింది. ఒకదానిలో వచ్చినవాళ్లకు కాఫీ, రెండోదానిలో తనకు బార్లీ. ఒకటే రంగు, ఒకటే నురగ. పిడి లేని చిన్న ఫిల్జాన్ కప్పులో పోస్తే ఎవరికి తెలుస్తుంది? పొరుగిళ్లకు వెళ్లినప్పుడు మాత్రం పెదాలు తడిపి కింద పెట్టేసేది. అలా కొన్ని వారాలు గడిచాయి. వణుకు సగానికి దిగింది. పొర చిరగడం తగ్గింది. మాత్ర ఇప్పుడు తన పని తాను చేసుకుంటోంది.

అది బయటపడింది మార్చిలో. షెఫీకా, ఉమీహానా అవ్వ ఇద్దరూ కూర్చుని ఉన్నారు. జుమ్రా లోపలికి చక్కెర ముక్కలకు వెళ్లింది. షెఫీకాకు ఆగడం తెలియదు, దగ్గరున్న గిన్నె వంచుకుని గుక్క వేసింది.

"ఛీ. ఇదేంటక్కా, కాల్చిన గడ్డిలా ఉంది?"

జుమ్రా గుమ్మంలో నిలబడిపోయింది.

"బార్లీ" అంది షెఫీకా వాసన చూసి. "బార్లీ పోస్తోంది మనకు. అవ్వా, చూశావా? ఇల్లు ఇంత గతిలేనిదైపోయిందా, లేక మనం ఇంత గతిలేనివాళ్లమా?"

"నీ ముందున్న గిన్నెలోది కాఫీయే. నువ్వు వంచుకున్నది నాది" అంది జుమ్రా.

"ఇన్నాళ్లూ మాతో కూర్చుని దొంగతనంగా బార్లీ తాగావా?"

గొంతు దగ్గర అది కదిలింది, బిగుసుకోబోయింది. ఒకప్పుడైతే లోపలికి పోయి తలుపేసుకునేది. ఈసారి చక్కెర గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టి, తన చోట కూర్చుని, బార్లీ తన ఫిల్జాన్‌లో పోసుకుంది.

"దొంగతనంగానే తాగాను. ఇకనుంచి ఎదురుగా తాగుతా. నాకు భయం జబ్బు ఉంది. పొద్దున్నే మాత్ర వేసుకుంటాను. కాఫీ దానికి పడదు. రేపటినుంచి ఎవరింటికి వెళ్లినా నాకు వేడినీళ్లు ఇవ్వండి చాలు. ఇవ్వడం నామోషీ అయితే ఉత్త ఫిల్జాన్ ఇవ్వండి, పట్టుకుని కూర్చుంటా."

అవ్వ తన ఫిల్జాన్ పక్కకు జరిపి చెయ్యి చాచింది. "నాకూ ఆ బార్లీ కొంచెం పొయ్యి. నాకూ దడగానే ఉంటోంది, ఎవరికి చెప్పుకోను?"

షెఫీకా ఇంకా ఏదో అంటూనే ఉంది, అత్తగారు బతికుంటే ఏమనేది, వీధిలో తలెత్తుకోవడం ఎట్లా అని. జుమ్రా లేచి మళ్లీ గిన్నె పొయ్యి మీద పెట్టింది. అసలైన కాఫీ, చిక్కగా. పళ్లెంలో పెట్టి షెఫీకా ముందుంచింది. అడక్కుండా చివర్లో తెచ్చే ఆ కాఫీని సాగనంపే కాఫీ అంటారు. దాని అర్థం మా మహల్లాలో పసిపిల్లకు కూడా తెలుసు. షెఫీకా దాన్ని ముట్టుకోకుండా చెప్పులేసుకుంది.

"ఇన్నాళ్లూ నీ చోటు నేను చూసుకున్నది చాలక" అంటూ గేటు వేసింది.

ఇక మిగిలింది వంతెన. డాక్టరు అన్నది ఇదీ: "భయం వచ్చిన ప్రతిసారీ మీరు ఇంటికి పరుగెత్తారు. ఇంటికి చేరాకే అది తగ్గుతుందని మీ ఒళ్లు నేర్చుకుంది. ఈసారి అది వచ్చిన చోటే ఉండి చూడండి. దానికదే ఎక్కుతుంది, దానికదే దిగుతుంది. మధ్యలో మీరు కదలకండి. ఊపిరి బయటికి పొడుగ్గా వదలండి, వేడి పిటా మీద ఊదినట్టు. దాన్ని తరిమేయడానికి కాదు. మీరు ఉండటానికి."

తోడు లేకుండా ఒక్కతే గేటు బయట నిలబడటంతో మొదలుపెట్టింది. తర్వాత వీధి మలుపు. తర్వాత నది దగ్గరికి దిగే మెట్లు. ఒక చోట అలవాటయ్యాకే రెండోది. మంచు కరిగే వేళకు వంతెన మొదట్లో ఉంది. పొద్దుటి పనులన్నీ అయ్యాక వచ్చి, అడ్డగోడ రాయి మీద చేతులు పెట్టి నిలబడేది. అది వచ్చేది. కాళ్ల కింద రాయి జారుతున్నట్టు, నది మీదికి లేస్తున్నట్టు. ఆమె పిటా మీద ఊదేది. ఆ రాయి చల్లదనం చేతుల్లో పట్టి ఉంచేది. అటూ ఇటూ పోయేవాళ్లకు ఇది వింత.

"ఏం చేస్తున్నావ్ జుమ్రా ఇక్కడ?" అని అడిగాడొకడు.

"భయపడుతున్నా. నువ్వెళ్లు."

ఒకరోజు అది దిగకముందే ఇంటికి పరుగెత్తింది. రెండు రోజులు గేటు దాటలేదు. మూడోనాడు కళ్లు వాచిపోయి మళ్లీ మెట్ల దగ్గరికి వచ్చింది, పరీక్ష తప్పినవాడు కింది తరగతిలో కూర్చున్నట్టు. నజీఫ్ వంతెన అవతల చివర బెంచీ మీద కూర్చుని పేపరు చదివేవాడు. ఆమె ఎప్పుడు వస్తుందో ఎప్పుడూ అడగలేదు. ఏప్రిల్ చివర్లో ఒక పొద్దున అతని పేపరు మీద నీడ పడింది. తలెత్తి చూస్తే జుమ్రా.

"జరుగు" అంది. "కాళ్లు నొప్పిగా ఉన్నాయి."

జరిగాడు. పేపరు తిరగేసి పట్టుకున్నాడు పాపం, చాలాసేపు చూసుకోలేదు.

జూర్జెవ్ తర్వాతి శనివారం తెల్లవారకముందే లేచింది. మాత్ర వేసుకుంది, తన ఒక్క కాఫీ తాగింది. పిండి ముద్దలు నూనెలో ముంచి తడిగుడ్డ కప్పి బుట్టలో పెట్టుకుంది. చేసినవి తీసుకుపోవడం లేదు. అక్కడే చేస్తానంది. నజీఫ్ బల్ల పలక భుజాన పెట్టుకున్నాడు.

షెఫీకా అప్పటికే నీడలో దుకాణం పరుచుకుని ఉంది. జుమ్రాను చూసి మొహం మీద నవ్వు అతికించుకుంది.

"అయ్యో, వచ్చేశావా అక్కా. కూర్చో కూర్చో, ఇంత దూరం నడిచావు." కుళాయి పక్క కొట్టువాడిని కేకేసింది. "అక్కకు కాఫీ పట్రా. చిక్కగా."

"కూర్చోను" అంది జుమ్రా. నజీఫ్ పలకను షెఫీకా బల్ల పక్కనే, నీడలోనే, ఆమె బుట్టను మోకాలితో కాస్త జరిపి వేశాడు. జుమ్రా గుడ్డ పరిచింది. ఏప్రన్ కట్టుకుంది. పిండి ముద్ద మధ్యలో పెట్టి, ముంజేతుల మీద ఎత్తి సాగదీయడం మొదలుపెట్టింది. కాఫీ వచ్చింది. బల్ల మూలన పెట్టించింది. అది అక్కడే చల్లారింది.

పొర బల్ల అంచులు దాటి కిందికి వేలాడుతోంది, కింద గుడ్డ మీద గీతలు కనపడేంత పలచన. జనం ఆగి చూస్తున్నారు. ఎక్రెమ్ సుద్దముక్కతో అవతలి వరస ముగించి ఇటు తిరిగాడు. అరవై దాటిన మనిషి, మోకాళ్లు వంగవు, బాతులా నడుస్తాడు. సరిగ్గా అప్పుడే అది వచ్చింది.

ముందులాగే వచ్చింది, ఏమీ తగ్గించుకోకుండా. గొంతు బిగిసింది. చేతుల కింద పొర పెద్దగా చిరిగింది. సంత రొద నీళ్లలో మునిగింది. వంతెన ఎటుందో ఆమె కాళ్లకు తెలుసు, అవి అటు తిరగబోయాయి.

"ఈ చోటు ఎవరిది?" అన్నాడు ఎక్రెమ్.

జుమ్రా చిరిగిన పొర అంచు పట్టుకుంది.

"చూడన్నా, తనకు ఒంట్లో బాగాలేదు" అంది షెఫీకా. "పాపం, ఇంటికి తీసుకెళ్లండి ఎవరైనా. నన్నడుగు, నేను చెప్తా…"

జుమ్రా పిండి అంటిన చెయ్యి పైకెత్తింది. ఎక్రెమ్ వైపు ఎత్తిందో షెఫీకా వైపు ఎత్తిందో, ఇద్దరూ ఆగారు. పెదాలు ముడిచి వేడి పిటా మీద ఊదినట్టు ఊదింది. మళ్లీ ఊదింది. తర్వాత గొంతులోంచి మాటను ఒక్కొక్కటే పీక్కుంటూ చెప్పింది.

"ఎక్రెమ్ అన్నా, కాస్త ఆగు. నాకిప్పుడు భయంగా ఉంది. అది దిగాక చెప్తాను."

సంతలో ఇలాంటి మాట ఎవరూ ఎప్పుడూ అనలేదు. ఎక్రెమ్ సుద్దముక్క వైపు చూశాడు, అందులో ఏమైనా రాసి ఉందేమోనన్నట్టు.

"పక్కవాళ్లవి రాసి మళ్లీ వస్తానమ్మాయ్."

"వద్దు. ఇక్కడే ఉండు. నువ్వు అటు పోతే నేనిటు పోతాను."

ఎక్రెమ్ నిలబడ్డాడు. వెనక జున్ను అమ్మేవాళ్లు, గింజలు అమ్మేవాళ్లు కదలకుండా చూస్తున్నారు. "ఏమైంది?" అని వెనకనుంచి ఎవరో అడిగితే, "జుమ్రాకు భయం దిగాలట" అని ముందువాళ్లు చెప్పారు. నవ్వుతారనుకుంది. ఎవరూ నవ్వలేదు. తేనె ముసలాయన మాత్రం, "నన్ను మంచంతో మోసుకొచ్చినప్పుడు కూడా ఆగారుగా, ఆగండి" అన్నాడు.

జుమ్రా రెండు చేతులూ బల్లకు ఆనించింది. గుండె గుద్దుతోంది, గుద్దనిచ్చింది. చావు అనిపించింది, అనిపించనిచ్చింది. ఊదుతూనే ఉంది. అది పైకి ఎక్కింది, ఎక్కాల్సినంతా ఎక్కింది, అక్కడ ఇంకేం చేయాలో తోచనట్టు కాసేపు ఉండి, మెల్లగా జారడం మొదలుపెట్టింది. ముందు చెవుల్లో నీళ్లు దిగాయి. సంత రొద వినపడింది. వేళ్లకు పిండి తడి తెలిసింది.

"నాది" అంది.

"గట్టిగా చెప్పమ్మా, రాయి వినాలి."

"నాది. మా అత్తది, నాది."

ఎక్రెమ్ గోడ వైపు తిరిగి, మూలుగుతూ వంగి, పాత అక్షరాలు చేత్తో తుడిచి కొత్తగా రాశాడు. షెఫీకా బుట్ట సర్దుకోవడం మొదలుపెట్టింది. మొహం కందగడ్డలా ఉంది.

జుమ్రా చిరిగిన చోట పిండి ముక్క తడిపి అతికించింది. పెద్ద పొర, ఒక్కదానికి రెండు చేతులు చాలవు.

"ఏమే షెఫీకా. తర్వాత ఏడుద్దువుగాని. ఆ అంచు పట్టుకో."

"నేనెందుకు పట్టుకోవాలి?"

"పలచగా లాగడం ఎట్లాగో ఇన్నేళ్లలో నేర్చుకోలేదు కాబట్టి. పట్టుకో. నీడ ఇద్దరికీ సరిపోతుంది, చోటు మాత్రం నాది."

షెఫీకా పట్టుకుంది. ఆ పొద్దంతా అంచు వదల్లేదు.

మధ్యాహ్నం గోడ నీడ పోయే వేళకు బుట్ట ఖాళీ. జుమ్రా వంతెన దాటి వచ్చింది, నజీఫ్ వెనక పలకతో. మధ్యలో ఒకసారి అది మళ్లీ కదిలింది. ఆగి రాయి మీద చెయ్యి పెట్టి, దాన్ని పోనిచ్చి నడిచింది. రేపు పొద్దున మాత్ర ఉంది, వచ్చే వారం డాక్టరు ఉంది, శనివారం మళ్లీ సంత ఉంది. ఇదొక్కరోజు పని కాదని ఆమెకు తెలుసు.

ఉమీహానా అవ్వ గుమ్మంలో కూర్చుని ఎదురుచూస్తోంది.

"వచ్చిందా?"

"వచ్చింది."

"మరి?"

"నిలబడ్డా. ఎక్రెమ్ అన్నను కూడా నిలబెట్టా."

అవ్వ తన మోకాలు రుద్దుకుంది.

"పాపం, వాడికి మోకాళ్ల నొప్పులు" అంది.